రొట్టెల బట్టీయే యూనివర్సిటీ!

ఫీజు కట్టలేక చదువు ఆగిందా? కోరుకున్న సీటు రాలేదని దిగులా? అయితే మాక్సిం గోర్కీ గురించి మీరు తెలుసుకోవాల్సిందే.

1868లో రష్యాలోని నీజ్నీ నోవ్‌గొరోద్‌లో పుట్టాడు. ఊహ తెలియక ముందే తండ్రి పోయాడు. పదకొండేళ్లు వచ్చేసరికి తల్లీ లేదు. తాత ఇక నీ బతుకు నువ్వు చూసుకోమన్నాడు. చెప్పుల దుకాణంలో పనిచేశాడు. వోల్గా నది స్టీమరులో అంట్లు తోమాడు. అక్కడి వంటవాడు స్మూరీ దగ్గర పెట్టెడు పుస్తకాలుండేవి. వాటిని ఈ కుర్రాడితో చదివించుకునేవాడు. అలా అంటుకుంది చదువు పిచ్చి! పుస్తకం పడితే తిట్టే యజమానుల ఇంట్లోనూ రాత్రిళ్లు దొంగచాటుగా చదివాడు.

1884లో యూనివర్సిటీలో చేరదామని కజాన్ వెళ్లాడు. సీటు మాట దేవుడెరుగు, పొట్టకూటికి రేవులో, రొట్టెల బట్టీలో చాకిరీ చేయాల్సి వచ్చింది. చదవడం మాత్రం మానలేదు. 1892లో తిఫ్లిస్‌లోని ఓ పత్రికలో తొలి కథ అచ్చయింది. అప్పుడు పెట్టుకున్న పేరే గోర్కీ. అంటే ‘చేదు’. తర్వాత రాసిన ‘అమ్మ’ నవల తెలుగువారికీ చేరింది.

కజాన్ రోజులు చెప్పే ఆత్మకథ మూడో భాగానికి ఆయన పెట్టిన పేరేంటో తెలుసా? ‘నా విశ్వవిద్యాలయాలు’!

మీరిప్పుడు చేస్తున్న పని చిన్నదే కావచ్చు. సంచిలో ఓ పుస్తకం ఉందా మరి?