కరవది నుండి శ్రీరంగానికి: షేక్ చినమౌలానా

మన పిట్టలవానిపాలెం ప్రాంతంలో సన్నాయి అనగానే పెండ్లిపందిరి స్ఫురిస్తుంది. గట్టిమేళం ముగిసి విస్తళ్ళు వేసిన తరువాత ఆ విద్వాంసుల వైపు చూచేవారే అరుదు. అటువంటి వాద్యాన్ని కచేరీ వేదికపై ప్రధాన వాద్యంగా నిలిపిన తెలుగువారిలో అగ్రగణ్యులు షేక్ చినమౌలానా.

ఆయన 1924లో ఒంగోలు చేరువనున్న కరవది గ్రామంలో జన్మించారు. నాదస్వరమే వృత్తిగా గల ముస్లిం కుటుంబం వారిది. తండ్రి కాసిం సాహెబు వద్ద తొలి పాఠాలు, పిమ్మట చిలకలూరిపేట ఆదం సాహెబు వద్ద శిక్షణ. ఆ విద్యతోనే ఆంధ్రదేశంలో ఆయనకు జీవనం సాగిపోయేది. కాని తంజావూరు బాణీ, అందునా రాజరత్నం పిళ్ళె రాగాలాపన, ఆయన మనస్సును పట్టుకొన్నది. దానికోసం మరల శిష్యులై నాచియార్‌కోయిల్ రాజం, దురైకణ్ణు సోదరులను ఆశ్రయించారు. ఒకసారి చేతికి అలవడిన విద్యను దిద్దుకొనుట క్రొత్తగా నేర్చుకొనుట కంటె కష్టమని బోధనావృత్తిలోని మాకు తెలియనిది కాదు.

పియానోలో ప్రతి స్వరానికీ ఒక మెట్టు ముందే అమర్చి ఉంటుంది. నాదస్వరంలో వ్రేళ్ళతో వాయించే రంధ్రాలు ఏడు మాత్రమే. తక్కిన స్వరభేదాలను, గమకాలను రంధ్రాన్ని కొంత మూసి, జీవాళిపై పెదవుల ఒత్తిడిని, ఊపిరిని సవరించుకొంటూ పలికించాలి. చలనచిత్రంగా నిలిచియున్న ఆయన కచేరీలను చూచినప్పుడు మేము ముందుగా వ్రేళ్ళనే గమనిస్తాము. నాదం గంభీరం, వ్రేళ్ళ కదలిక స్వల్పం. ఆలాపనలో తొందర లేదు. రాగం ఒక్కొక్క మెట్టే ఎక్కుతుంది. కీర్తన వచ్చేసరికి గాత్రజ్ఞుడు పాడుతున్నట్లే ఉంటుంది. వేగానికి చప్పట్లు త్వరగా వస్తాయి. మాకు మాత్రం ఆయన నిదానమే ప్రియం.

తరువాత శ్రీరంగంలో స్థిరపడ్డారు. తన మతాన్ని విడువకుండానే రంగనాథుని భక్తితో సేవించారు. ఇందులో వింత ఏమున్నదని మన పల్లెలలోని మేళగాండ్రు అడుగుతారు. తరతరాలుగా ఆలయాలలో వాయించిన ముస్లిములు ఈ ప్రాంతంలో కొత్త కాదు. మాకు బాధ కలిగించేది వేరొకటి. ఇక్కడ పుట్టిన విద్య నిండు గౌరవానికై కావేరీ తీరానికి తరలవలసి వచ్చినది.

1977లో పద్మశ్రీ లభించింది. 1982లో శ్రీరంగంలో శారదా నాదస్వర సంగీతాశ్రమాన్ని స్థాపించారు. మద్రాసు సంగీత అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదు 1998లో వచ్చింది. మరుసటి ఏప్రిల్‌లోనే ఆయన కన్నుమూశారు. మనుమలు కాసిం, బాబు ఆ బాణీని నిలిపారు. శిష్యులైన తెలుగు దంపతులు షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీలకు 2021లో పద్మశ్రీ ప్రకటింపబడింది.