రాల్ఫ్ శామ్యూల్సన్ – నీటి స్కీయింగు తొలి సాధకుడు

జలదంకి చుట్టుప్రక్కల మాగాణిలో నాట్లకు ముందు దమ్ముచేసిన మడిని చదును చేయు రైతును మా విద్యార్థులందఱును చూచియే యుందురు. ఎద్దులు మ్రానును లాగుచుండగా నతడు దానిపై నిలిచి, పగ్గము చేతబట్టి, మేను వెనుకకు వాల్చి బురదనీటిపై జాఱిపోవుచుండును. మ్రాను ముందువైపు క్రుంగెనా, అది బురదలో నాటుకొని యతనిని తలక్రిందుగా పడవైచును. బరువు నెచ్చట మోపవలయునో యతని పాదములే యెఱుగును. ఆ విద్యను పుస్తకములు చెప్పవు. ఎద్దులకు మాఱుగా మోటారు పడవను, మ్రానునకు మాఱుగా రెండు పలకలను, మడికి మాఱుగా నొక విశాలమగు సరస్సును భావించుకొన్నచో నీటి స్కీయింగు అను క్రీడ యెట్టిదో చాలవఱకు బోధపడును. ఆ క్రీడను తొలిసారి సాధించినవాడుగా గుర్తింపబడిన రాల్ఫ్ శామ్యూల్సన్ జీవితమును ఈ సంచికలో మా చదువరులకు తెలుపుచున్నాము.

అతడు 1903వ సంవత్సరము జూలై 3వ తేదీన జన్మించెను. అతని యౌవనము అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఉత్తరపు సరిహద్దున నున్న మిన్నెసోటా రాష్ట్రమునందలి లేక్ సిటీ యను చిన్న పట్టణమున గడచెను. ఆ పట్టణము పెపిన్ సరస్సు నొడ్డున నున్నది. ఈ సరస్సు పుట్టుక వినదగినది. మిసిసిపీ మహానదిలో చిప్పెవా యను ఉపనది వచ్చి కలియుచోట, ఆ యుపనది తెచ్చిన యిసుక మేటవేసి మహానదికే అడ్డు నిలిచినది. పెన్నకు సోమశిలవద్ద మనుష్యులు కట్టిన యానకట్ట యే పని చేయుచున్నదో అచ్చట ఇసుకమేట ఆ పనినే చేయుచున్నది. అట్లు నిలిచిన నీరు సుమారు 22 మైళ్ల పొడవును, కొన్నిచోట్ల రెండు మైళ్ల వెడల్పును గలిగి యున్నది. చలికాలమున ఆ నీరు గడ్డకట్టును. చుట్టునున్న గుట్టలపై మంచు కురియును. ఆ దేశపు యువకులు పొడవైన కఱ్ఱపలకలను కాళ్లకు కట్టుకొని మంచుపై జాఱుదురు. వానికే స్కీలని పేరు. వేసవి వచ్చినతోడనే అదే నీటిలో పడవలు తిరుగును.

ఒకే చోట, ఒకే సంవత్సరములో, మంచును నీటిని చూచు ఆ పిల్లలలో ఈ రెండింటిని కలిపి యాలోచించినవాడు శామ్యూల్సన్. మంచుపై జాఱగలిగినప్పుడు నీటిపై నేల జాఱరాదని యతని తలంపు. ఇట్టి యూహ అంతకుముందెవ్వరికిని కలుగలేదని మేము చెప్పజాలము. పడవకు వెడల్పాటి బల్లను కట్టి, దానిపై నిలిచి పోవు ఆట అప్పటికే యుండెను. శామ్యూల్సన్ కూడ దానిని ఆడినవాడే. అయితే ఆ బల్లను పడవయే లాగును; మనుష్యుడు దానిపైనున్న బరువు మాత్రమే. బల్లను విడిచి, పగ్గము తన చేతులలో, పలకలు తన కాళ్లకు ఉండునట్లు చేసికొన్నచో దారి మార్చుకొను స్వాతంత్ర్యము తనకే కలుగును. భేదమంతయు ఇందే యున్నది.

1922వ సంవత్సరము వేసవిలో అతడు పని ప్రారంభించెను. అతని యన్న బెన్ మోటారు పడవను నడపుటకు ఒప్పుకొనెను. మొట్టమొదట కాళ్లకు కట్టుకొన్నవి పీపాల పలకలు. అవి పొట్టివి, వంకరవి. అతని బరువును మోయజాలక మునిగెను. పిమ్మట మంచుపై వాడు స్కీలనే తెచ్చెను. అవి పొడవైనవే గాని మిక్కిలి సన్ననివి; ఆ పడవ వేగమునకు అవియు నిలువలేదు. నీటిపై నొకవస్తువు తేలిపోవలయునన్నచో దాని క్రింద తగినంత వైశాల్యము గాని తగినంత వేగము గాని ఉండవలయును. బెన్ పడవకు ఆ వేగము లేదు. కావున వైశాల్యమును పెంచుటయే మిగిలిన మార్గము.

అంతట శామ్యూల్సన్ కఱ్ఱల దుకాణమునుండి రెండు పలకలు తెచ్చుకొనెను. ఒక్కొక్కటి 8 అడుగుల పొడవు, 9 అంగుళముల వెడల్పు. వాని కొనలను పైకి వంచవలసి యుండెను. అందులకై తన తల్లి నీరు కాచుకొను రాగికాగులో ఆ కొనలను ఉడికించి, మెత్తబడినంతట వంచి బిగించి, ఆఱువఱకు అట్లే యుంచెను. మన యూరి వడ్రంగులును ఆవిరితో కఱ్ఱను వంచు మర్మము నెఱిగినవారే. ఆ తల్లి యేమనుకొనెనో చరిత్రకారులు వ్రాయలేదు. తమ వంటింటి కాగు ఎక్కడికి పోయినదో వెదకుకొనిన తల్లులు ఊహింపగలరు. ఈ వ్యాసమును చదివి మా విద్యార్థులెవ్వరును కాగును ముట్టుకొనరాదని ప్రత్యేకముగా కోరుచున్నాము. పలకల నడుమ తోలుపట్టెలను బిగించి పాదములు దూర్చుటకు వీలుచేసెను. కిటికీ తలుపులకు వాడు త్రాటిని సుమారు 100 అడుగులు తీసికొని, దాని చివర పిడిగా ఇనుప కడియమును తగిలించెను. ఖర్చు స్వల్పము, సామగ్రి సామాన్యము.

అయినను ఆ పలకలతో కూడ అతడు పలుమార్లు పడెను. పడవ కదలినప్పుడు పలకలు నీటికి సమముగానో, కొనలు నీటి క్రిందుగానో యుండెడివి. లాగుడు తగులగానే అవి నీటిని త్రవ్వుకొని క్రిందికి పోయెడివి. ఒడ్డున నిలిచి చూచువారు నవ్వియే యుందురు. జూలై 2వ తేదీన, అనగా అతనికి 19 ఏండ్లు నిండుటకు ఒక దినము ముందు, అతడొక చిన్న మార్పు చేసెను. మేను వెనుకకు వాల్చి, పలకల కొనలను నీటిపైకి లేపి పట్టుకొని, అన్నకు సైగచేసెను. పడవ కదలెను. పలకలు నీటిని త్రవ్వుటకు మాఱు దానిపైకి ఎక్కెను. అతడు నిలిచెను.

ఇందలి కారణమును పిల్లలకు వివరించుట సులభము. చెఱువుగట్టున నిలిచి చిల్లపెంకును విసరునప్పుడు, దాని ముందు అంచు కొంచెము పైకి ఉన్నయెడల అది నీటిని తాకి ఎగిరి, మరల తాకి ఎగిరి, దూరముగా పోవును. ముందంచు క్రిందికి ఉన్నయెడల మొదటి దెబ్బకే మునుగును. ఏటవాలుగానున్న పలక తన క్రింది నీటిని ముందుకును క్రిందికిని త్రోయును. ఆ నీరు పలకను పైకి త్రోయును. పీపాపలకలు, మంచుస్కీలు, వంచిన పలకలు, కొనలెత్తుట – ఒక్కొక్కమారు ఒక్కొక్కటిని మార్చి ఫలితమును చూచుటవలననే యతనికి లోపమెక్కడ నున్నదో తెలిసినది. మేము అతని ధైర్యముకంటె ఈ ఓర్పునే మిక్కిలిగా మెచ్చుకొందుము.

తరువాతి సంవత్సరములు సంబరముగా గడచెను. 1925వ సంవత్సరము జూలై 8వ తేదీన అతడు స్కీలపై నీటినుండి గాలిలోనికి దుమికెను. ఈతగాండ్రు దుముకుటకు వాడు తేలుడుబల్లను ఒకవైపు నీటిలోనికి వంచి, దానిపైకి ఎక్కి అవతలికి దూకవలయునని యతని యూహ. మొదటిమారు స్కీలు బల్లను పట్టుకొని అతనిని పడవైచెను. అంతట బల్లకు పందికొవ్వు పూసి, మరల ప్రయత్నించి జయించెను. ఆ యేడే నీటిపై దిగు విమానము చేత లాగించుకొని, గంటకు సుమారు 80 మైళ్ల వేగమున స్కీచేసి చూపెను. ఒక స్కీతోనే జాఱుటయు అతడే మొదట చేసెనని చెప్పుదురు. మిషిగన్ మొదలు ఫ్లారిడావఱకు ప్రదర్శనలిచ్చి ఎందఱికో ఈ విద్యను నేర్పెను. కాని తన స్కీలకు పేటెంటు హక్కు తీసికొనవలయునని యతనికి తోచలేదు. 1925లోనే ఫ్రెడ్ వాలర్ అను న్యూయార్కువాడు తాను చేసిన నీటి స్కీలకు పేటెంటు పొంది, వానిని అమ్మకమునకు పెట్టెను. వాలర్ తన బుద్ధితో తాను చేసినవాడు, పిమ్మట సినిమా తెఱను విశాలము చేసిన సినెరామా యంత్రమును కనిపెట్టిన ప్రజ్ఞాశాలి; అతనిని నిందింప బనిలేదు. అయినను లోకమునకు వ్రాతపూర్వకమైన సాక్ష్యమే కనబడును గదా! పెపిన్ సరస్సు ఒడ్డున జరిగినదానిని ఆ యూరివారు మాత్రమే యెఱుగుదురు.

శామ్యూల్సన్ కాలమున అతనితో పోటీపడువాడు లేడు. ఆ కొఱత పిమ్మట తీఱినది. 1939లో అమెరికా నీటి స్కీ సంఘము ఏర్పడి, ఆ యేడే న్యూయార్కు చెంత జోన్స్ బీచిలో దేశమంతటికి పోటీ జరిపించెను. 1949లో ఫ్రాన్సు దేశమునందలి జువాన్ లె పాన్ అనుచోట ప్రపంచపు పోటీ జరిగెను. ఈ పోటీలలో స్లాలం అనునది మా బుద్ధికి మిక్కిలి సొగసుగా దోచినది. స్లాలం అను మాట నార్వేవారిది. మంచుకొండపై పాతిన కఱ్ఱల నడుమ వంకరలు తిరుగుచు జాఱు పందెమునకు ముందుగా ఆ పేరు కలిగి, తరువాత అది నీటికి దిగినది.

దాని తీరిది. పడవ 259 మీటర్ల బాటను తిన్నగా పోవును. బాటకు ఇరుప్రక్కల మార్చిమార్చి ఆఱు బంతులు తేలుచుండును. ఒక్కొక్కటి పడవదారి నడుమకు 11.5 మీటర్ల దూరమున నుండును. ఒక్క స్కీపై నిలిచిన క్రీడాకారుడు కుడిబంతిని చుట్టి, పడవ వెనుకగా నీటిని కోసికొనుచు ఎడమవైపునకు పోయి, ఎడమబంతిని చుట్టి, మరల కుడికి రావలయును. ఒక్కసారి ఆఱును చుట్టినచో పడవ వేగమును పెంచుదురు. పురుషులకు గంటకు 58 కిలోమీటర్లు, స్త్రీలకు 55 కిలోమీటర్లు హద్దు. ఆ హద్దున బాటయంతయు 16, 17 సెకండ్లలో ముగియును. అంతకుమించి వేగము పెంచరు; పగ్గమును తగ్గింతురు. మొదట 18.25 మీటర్లున్న పగ్గము 16, 14.25, 13, 12 మీటర్లకును, పిదప 11.25 మీటర్లకును దిగును. లెక్కల తరగతివారు ఇచ్చట నొక్కక్షణ మాగవలయును. బంతి 11.5 మీటర్ల దూరమున నున్నది; పగ్గము 11.25 మీటర్లే యున్నది. అయినను మహావీరులు చుట్టుచునే యున్నారు; 10.25 మీటర్ల పగ్గముతోను చుట్టినవారు కలరు. పగ్గము చాలనిచోట మనుష్యుని దేహమే చాచుకొని చాలవలయును. పడవతో దాదాపు సరితూగునట్లు ప్రక్కకు పోయి, ఒంటిచేత పిడిని పట్టుకొని, మేనంతయు నీటిపై వాల్చి, పాదములక్రింది స్కీని బంతికి ఆవలి ప్రక్కగా త్రిప్పుదురు.

ఈ స్థితికి వచ్చినప్పుడు బలము అందఱకును ఉండును. స్కీని సవరించుకొను నేర్పే యొకనిని మఱొకనినుండి వేఱుచేయును. స్కీ తోకక్రింద చేపఱెక్క వంటి లోహపు ఱెక్క యొకటి నిలువుగా నుండును. దానిని లోతుగా దింపిన తోక నీటిని గట్టిగా పట్టును, మలుపు నింపాదిగా వచ్చును. పైకి తీసిన తోక వదులై మలుపు చుఱుకగును, మితిమీఱినచో జాఱిపోవును. పాదము దూర్చు జోడును కొంచెము ముందుకు జరిపినచో స్కీముక్కు నీటిలో లోతుగా దిగును; వెనుకకు జరిపినచో పైకి లేచును. ఈ కొలతలను అంగుళములో వేయవవంతు లెక్కన కొలుచుకొందురన్న మా చదువరులు నమ్మరు, కాని అది నిజము. వెంట్రుకవాసి మార్పు కాలికి తెలియును. ఇక మంచి సాధకుల పద్ధతియేదన, ఒకేసారి రెండింటిని మార్చరు. పాత కొలతను పుస్తకమున వ్రాసికొని, ఒక్కదానినే కదల్చి, పలుమార్లు బాటను పోయి చూచి, బాగుండిన నుంచుకొందురు, లేనియెడల పాత గుర్తునకు తిరిగివత్తురు. పోటీయందు ఓడినదినమే తన స్కీ లోపమో తన లోపమో తేటపడునని అనుభవజ్ఞుల మతము. ఒంటరిగా సాధన చేయువాడు తన లోపములకు అలవాటుపడును. ప్రక్కవాడు ఏడవ బంతివలె ఎదుట నిలిచినప్పుడే అవి బయటపడును.

ఇది యంతయు పెరుగుచుండగా శామ్యూల్సన్ ఎక్కడ నుండెను? ఫ్లారిడాలో కట్టడపు పని చేయుచుండగా అతని వెన్ను తీవ్రముగా గాయపడెను. దానితో స్కీలను విడువవలసి వచ్చెను. మిన్నెసోటాకు మరలిపోయి టర్కీకోళ్లను పెంచుచు జీవించెను. దేశమందంతట పోటీలు జరుగుచుండినను, వానిని తీర్చినవారికి ఈ పేరు తెలియదు. అతడును తనంతట తాను చెప్పుకొనలేదు. చెప్పుకొనియుండవలసినదా యని మాలో మేము తర్కించుకొంటిమి; తేలలేదు.

1963లో లేక్ సిటీకి వచ్చిన ఒక పత్రికా విలేఖరి కంట, అచ్చటి స్నానశాలలో ప్రదర్శనకై యుంచిన పాతస్కీలు పడెను. ఆమె విచారించి వ్రాసిన వార్తవలన సంగతి బయటికి వచ్చెను. స్కీలు సాక్ష్యము చెప్పెను. ఆనాటివారు కొందఱు ఇంకను బ్రదికియుండిరి. 1966లో అమెరికా నీటి స్కీ సంఘమువారు, నీటిపై స్కీచేసినట్లు ఆధారము దొరికిన మొదటివాడు శామ్యూల్సనే యని అంగీకరించిరి. అప్పటికి అతనికి 63 ఏండ్లు. తొలిసారి నీటిపై నిలిచి 44 ఏండ్లు గడచినవి. 1972లో మ్యూనిచ్ ఒలింపిక్ క్రీడలలో నీటి స్కీయింగు ప్రదర్శనక్రీడగా చేఱెను. ఆ వేసవికే అతని తొలి యత్నమునకు 50 ఏండ్లు నిండినవి. శామ్యూల్సన్ 1977వ సంవత్సరము ఆగస్టు 28వ తేదీన మరణించెను. లేక్ సిటీలో నేటికిని ప్రతి వేసవియందు నీటి స్కీ దినములు అను పేర ఉత్సవము జరుగుచున్నది.