ఎనిమిదో తరగతి ఇంజనీరు

ఎనిమిదో తరగతిలో నేను తప్పాను. చదువు మాన్పిస్తానన్న నాన్నను ఒప్పించి, మన లెక్కల మాస్టారు నన్ను మళ్లీ బడిలో కూర్చోబెట్టారు. ఇంజనీరునయ్యాక గ్లెన్ కర్టిస్ గురించి చదివాను. ఆయన చదువు కూడా ఎనిమిదితోనే ఆగింది.

1878లో అమెరికాలో, కెయూకా సరస్సు ఒడ్డునున్న హామండ్స్‌పోర్ట్‌లో పుట్టారు. చిన్నప్పుడే తండ్రి పోయారు. సైకిల్ షాపు పెట్టారు. మోటారు సైకిళ్లు, ఆపైన విమానాలు తయారుచేశారు.

1912లో నీటి మీంచి ఎగిరే ఫ్లయింగ్ బోటు కట్టారు. ఇంజను ఎంత లాగినా లేవలేదు. నీరు దాని అడుగును పట్టి ఉంచేది. అడుగున మెట్టులాంటి అంచు పెట్టారు. అక్కడ గాలి చొరబడి నీటి పట్టు వదిలింది, విమానం లేచింది. తర్వాత వచ్చిన ఫ్లయింగ్ బోట్లు ఆ మెట్టునే అనుసరించాయి.

1914లో అట్లాంటిక్ దాటాలని 'అమెరికా' అనే ఫ్లయింగ్ బోటు కట్టారు. యుద్ధం రావడంతో ప్రయాణం ఆగిపోయింది. 1930లో, 52 ఏళ్లకే కన్నుమూశారు. 2008లో ఆ ఊరి మ్యూజియం వాలంటీర్లు పాత నమూనాలో 'అమెరికా'ను మళ్లీ కట్టి, అదే సరస్సు మీంచి ఎగరేశారు.

నేనిప్పుడు ఆయన వయసు దాటాను. ఆయన మెట్టు ఆయనే వేసుకున్నారు. నాకు మాత్రం మాస్టారు వేశారు. ఈ స్వర్ణోత్సవ వేళ వారికి నా నమస్కారం.