మందు పట్టనప్పుడు



పత్తి చేలో నిరుడు చచ్చిన శనగపచ్చ పురుగు ఈ ఏడు అదే మందుకు చావకపోవడం మీరెరిగినదే. జబ్బుల్లోనూ అలా జరుగుతుంది. ఏళ్ల తరబడి పనిచేసిన మాత్ర పట్టనప్పుడు దిగులుపడే వారు యల్లాప్రగడ సుబ్బారావు గారి జీవితం తెలుసుకోవాలి.

ఆయన 1895లో భీమవరంలో జన్మించారు. సోదరులిద్దరు స్ప్రూ అనే పేగుల వ్యాధితో మరణించారు. అదే వ్యాధి ఆయననూ పట్టింది. ఇంగ్లీషు వైద్యం గుణమివ్వలేదు. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నారు. తరువాత అమెరికాలోని లెడర్లీ సంస్థలో ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. అది స్ప్రూకు మందైంది.

ఆ ఆమ్లం పనిని అడ్డుకునే అమినోప్టెరిన్ కూడా వారు చేసినదే. బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ దానిని రక్తకాన్సరు పిల్లలకిచ్చారు. కొందరికి తగ్గింది, కాని కొన్ని నెలలకే తిరగబెట్టింది. సుబ్బారావు గారు 1948లో మరణించారు. వైద్యులు మాత్రం ప్రయత్నం మానలేదు. మందులు మార్చారు, జతచేశారు. నేడు ఆ పిల్లల్లో ఎక్కువమంది బతుకుతున్నారు.

కనుక మందు పట్టకపోతే మీ అంతట మీరు మోతాదు పెంచకండి, మానకండి. ఇంట్లోవారు రోగిని నిందించకండి. ప్రార్థించండి, దాచకుండా వైద్యునికి చెప్పండి. అలా చెప్పడమే తరువాతి మందుకు దారి.