కలియుగ భీముఁడు కోడి రామమూర్తిగారు

ఆంధ్రదేశమున బలమన్నంతనే స్మరణకు వచ్చు మహనీయులు కోడి రామమూర్తినాయుడుగారు. వీరఘట్టమున జన్మించి, బాల్యముననే తల్లిని గోల్పోయి, విజయనగరమున పినతండ్రిగారి యింటఁ బెరిగిరి. మదరాసు సైదాపేటలో వ్యాయామశిక్షణము పొంది, తాము చదివిన పాఠశాలలోనే ఉపాధ్యాయులైరి. పిదప సర్కసు స్థాపించి, ఱొమ్ముపై ఏనుఁగును నిలుపుకొనుట, ఛాతీ బిగించి యినుపగొలుసులు తెంచుట మున్నగు వింతలు చూపి కలియుగ భీములనిపించుకొనిరి.

ఇంత బలమునకు ఆహారమేమని మన సోదరులడుగవచ్చును. నాయుడుగారు శాకాహారులు, ప్రాణాయామము వారి నిత్యనియమము. ఊపిరి నిండఁ బీల్చి నిలిపిన పిదపనే గొలుసు తెగెడిది. నేఁటి బరువుల పోటీలవారును కడ్డీ నెత్తుటకు ముందు ఊపిరి బిగఁబట్టుదురు. పోటీనాఁడు క్రొత్త తిండి జోలికిఁ బోక, అలవాటైన భోజనమునే మితముగా, కొన్ని గంటలు ముందుగాఁ గొనుట మేలు. ఒక్కపూఁట విందువలన బలము రాదు. ఏండ్ల నియమమువలననే వచ్చును.

తుదకు కాలికి వ్రణము పుట్టి, ఆ కాలినే తీసివేయవలసివచ్చెను. 1942లో ఒరిస్సాలోని బలంగీరులో పరమపదించిరి. ఏనుఁగును మోసిన దేహమునకును వ్యాధి తప్పలేదు. శ్రీకాకుళపు క్రీడాస్థలము వారి పేరు నిలుపుచున్నది. వారి నియమమును మన యువకులు నిలుపుదురుగాక యని మా ప్రార్థన.