తప్పులో కారణం వెదకిన లూరియా

ధర్మపురి జిల్లా సరిహద్దు పల్లెలలో ఇంట తెలుగు, బడిలో తమిళం వాడే కుటుంబాలు అనేకం. అటువంటి ఇంటి పెద్ద తలకు దెబ్బ తగిలిన పిమ్మట పరీక్షలో జవాబు తప్పితే, ఆ తప్పు గాయానిదా, చదువులేమిదా, పరాయి భాషదా? ఈ చిక్కును లోతుగా పరిశీలించిన శాస్త్రవేత్త అలెగ్జాండర్ రొమానోవిచ్ లూరియా.

ఆయన 1902 జూలై 16న రష్యాలోని కజాన్ నగరంలో వైద్యుని కుమారుడుగా జన్మించారు. 1923లో మాస్కో చేరారు. మరుసటి ఏడు మనస్తత్వవేత్త వైగోట్‌స్కీతో కలిగిన పరిచయం ఆయన ఆలోచనకు దారి చూపింది.

1931, 1932 సంవత్సరాలలో లూరియా ఉజ్బెకిస్తాన్ పల్లెలలో పరిశోధన సాగించారు. చదువురాని రైతులకు సుత్తి, రంపం, దుంగ, గొడ్డలి బొమ్మలు చూపి, వీటిలో చేరనిదేదో చెప్పమన్నారు. దుంగ పనిముట్టు కాదన్నది బడి నేర్పే జవాబు. దుంగ లేకుంటే రంపానికి పనేమిటని రైతులు నాలుగింటినీ కలిపే ఉంచారు. వారి మెదడులో లోపం లేదు. వారి బతుకు నేర్పిన వివేకం అది. కొద్దిపాటి చదువు అబ్బినవారు బడి జవాబే చెప్పారు. ఈ పరిశోధన ఆనాటి అధికారులకు రుచించలేదు. గ్రంథం 1974లో గానీ వెలుగు చూడలేదు.

తరువాత ఆయన వైద్యవిద్య అభ్యసించి 1937లో పట్టా పొందారు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఉరల్ ప్రాంతపు ఆసుపత్రిలో, తలకు గాయమైన సైనికుల నడుమ పనిచేశారు. చెప్పిన మాట వ్రాయమంటే ఒకరు దగ్గరి ధ్వనుల తేడా తెలియక తప్పేవారు. మరొకరు అక్షరరూపం కుదరక తప్పేవారు. వేరొకరు వ్రాసిన అక్షరాన్నే ఆపలేక మరల మరల వ్రాసేవారు. ముగ్గురికీ సున్నా మార్కులే. గాయపడిన చోటు మాత్రం వేరు వేరు. కనుక మార్కుల మొత్తం కన్న తప్పిన తీరే ముఖ్యమని ఆయన నిర్ధారించారు. 1977 ఆగస్టు 14న మాస్కోలో కన్నుమూశారు.

1980లో అమెరికాలో ఆయన పద్ధతిని మార్కుల పరీక్షగా మలిచారు. మాట అర్థం కాని రోగికి ఇతర విభాగాలలోనూ మార్కులు పోతాయని, దాని ప్రామాణికతను పలువురు పండితులు ప్రశ్నించారు. మన సమీపంలోని బెంగళూరు నిమ్హాన్స్ 2004లో వెలువరించిన పరీక్షలలో వయస్సును, చదువును బట్టి ప్రమాణాలు ఏర్పరచారు.

ఇంటి పెద్దను అటువంటి పరీక్షకు తీసుకువెళ్ళేవారు ఆయన మాట్లాడే భాష, చదివిన తరగతి, చేసిన వృత్తి ముందుగానే చెప్పడం మేలు. ఆ మూడూ తెలిసినప్పుడే మార్కులకు అర్థం ఏర్పడుతుంది.