ఒక రాత్రి, మూడు పిలుపులు

చింతామణి, బాగేపల్లి, చిక్కబళ్లాపురం పల్లెలకు రాయవేలూరు క్రైస్తవ ఆసుపత్రి పేరు కొత్త కాదు. దానిని స్థాపించిన ఐడా స్కడ్డర్ మాత్రం మొదట ఆ దారినే కోరలేదు. 1870లో రాణిపేటలో, వైద్య మిషనరీల కుటుంబంలో జన్మించిన ఆమె అమెరికాలోనే స్థిరపడాలనుకున్నారు. 1890లో తల్లి జబ్బుపడగా, కొద్దికాలమే ఉండే ఉద్దేశంతో తిండివనం వచ్చారు.

ఒకనాటి రాత్రి ఒక బ్రాహ్మణుడు, ఒక ముస్లిం, మరొక హిందువు ఒకరి వెనుక ఒకరు వచ్చి, ప్రసవవేదనలో ఉన్న తమ భార్యలను కాపాడమని ఆమెను వేడుకొన్నారు. ఆమెకు వైద్యం తెలియదు. వైద్యుడైన తండ్రిని పంపుతానంటే, పరపురుషుడు తాకరాదని ముగ్గురూ వెనుదిరిగారు. ఆ భర్తలను నేడు నిందించడం సులభమే. ఆనాటి కట్టుబాటు అటువంటిది. తెల్లవారేసరికి ముగ్గురు స్త్రీలూ మరణించారు.

అది తనకు దేవుని పిలుపేనని ఐడా గ్రహించారు. అమెరికాలో వైద్యం చదివి, 1899లో కార్నెల్ పట్టా పొందారు. 1900లో రాయవేలూరులో ఒకే మంచంతో చికిత్స ఆరంభించారు. ఆ ఏడే తండ్రి మరణించారు. 1902లో ఆసుపత్రి, 1909లో నర్సుల శిక్షణ, 1918లో స్త్రీల వైద్య పాఠశాల వచ్చాయి. స్త్రీల కొరకే వెలసిన ఆ విద్యాలయంలో 1947 నుండి పురుషులూ చేరారు. అవివాహితగానే జీవించిన ఆమె 1960లో కొడైకెనాల్‌లో కన్నుమూశారు.